బడ్గాం వీరుడు

భారతదేశానికి స్వాతంత్ర్యం సిద్ధించి మూడు మాసాలైనా నిండలేదు. పాకిస్తాన్ వైపు నుండి సాయుధ దాడిదారులు కాశ్మీరులోకి చొరబడి, బారాముల్లాను కొల్లగొట్టి, శ్రీనగర్ దిశగా సాగుతున్నారు. 1947 అక్టోబరు 26న మహారాజా హరిసింగ్ తన సంస్థానాన్ని భారతదేశంలో విలీనం చేయడంతో, మరునాటి నుండి మన సైనికులను విమానాలలో అక్కడికి తరలించసాగారు. శ్రీనగర్ విమానాశ్రయం చేజారితే ఆ రాకకు దారి మూసుకుపోతుంది. దానిని నిలబెట్టినవారిలో అగ్రగణ్యుడు మేజర్ సోమనాథ్ శర్మ.

సోమనాథ్ 1923 జనవరి 31న కాంగ్రా ప్రాంతంలోని డాఢ్ గ్రామంలో జన్మించారు. తండ్రి అమరనాథ్ శర్మ సైనిక వైద్యుడు. సోమనాథ్ 1942లో అధికారిగా చేరినది 19వ హైదరాబాదు రెజిమెంటులో. పేరు మనకు దగ్గరిదే. నిజాం నాటి సేనలలో మూలాలున్న ఆ రెజిమెంటే 1945లో కుమావూ రెజిమెంటుగా మారింది. రెండవ ప్రపంచ యుద్ధంలో ఆయన బర్మాలోని అరకాన్ ప్రాంతంలో పోరాడారు. అక్కడ గాయపడి నడవలేకపోయిన తన ఆర్డర్లీ బహదూర్‌ను వీపున మోసుకొని వచ్చారని చెబుతారు.

కాశ్మీరుకు బయలుదేరే నాటికి సోమనాథ్ ఎడమచేయి ప్లాస్టరు కట్టులో ఉంది. హాకీ ఆడుతుండగా తగిలిన దెబ్బ అది. ఆయన వెళ్లకపోయినా తప్పుపట్టేవారు లేరు. అయినా తన కంపెనీ యుద్ధానికి పోతుంటే తాను వెనుక ఉండలేనని పట్టుబట్టి, అనుమతి సాధించారు.

నవంబరు 3న ఆ కంపెనీ విమానాశ్రయానికి చేరువలోని బడ్గాం వద్ద గస్తీకి నిలిచింది. మధ్యాహ్నం వరకు శత్రువు జాడ కనబడలేదు. తోడుగా వచ్చిన దళాలు వెనుదిరిగాయి. పిదప సుమారు రెండున్నర గంటలకు వందలాది మంది మూడువైపుల నుండి విరుచుకుపడ్డారు. మన సైనికుడు ఒక్కొక్కరికి ఏడుగురు శత్రువులు!

సోమనాథ్ కాల్పుల నడుమ బయలులో పరుగెత్తుతూ, ఒక్కొక్క జట్టు వద్దకు వెళ్లి ధైర్యం చెప్పారు. మన విమానాలు శత్రువును గుర్తించేందుకు సంకేత వస్త్రాలను స్వయంగా నేలపై పరిచారు. అనేకులు నేలకొరిగి, తుపాకులు పేల్చేవారికి తోడు కరవయింది. అప్పుడు ఆయన ఆ విరిగిన చేతితోనే తూటాలు నింపి మెషిన్‌గన్ల వారికి అందించసాగారు. అధికారి చేయవలసిన పనియా అది? ఆ గడియలో ఆయనకు ఆ ప్రశ్న తట్టి ఉండదు. వెనుదిరిగేది లేదని పైవారికి సందేశం పంపిన కొద్దిసేపటికే, దగ్గరలోని మందుగుండుపై ఒక మోర్టారు గుండు పడింది. ఆ పేలుడులో సోమనాథ్ అసువులు బాశారు. అప్పటికి ఆయన వయస్సు ఇరవైనాలుగు.

కంపెనీ మాత్రం చెదరలేదు. ఒక జూనియర్ కమిషన్డ్ అధికారి, ఇరవైమంది సైనికులు ప్రాణాలర్పించినా, మిగిలినవారు గంటల తరబడి శత్రువును అడ్డుకున్నారు. ఆలోగా విమానాశ్రయానికి అదనపు బలగాలు చేరాయి.

మూడు దినాల తరువాత దొరికిన ఆయన భౌతికకాయాన్ని పిస్తోలు తోలుసంచిని, జేబులోని భగవద్గీత పుటలను చూసి గుర్తించారు. 1950లో తొలి పరమవీర చక్రం ఆయనకు దక్కింది. ఆ పతకానికి రూపకల్పన చేసినవారు సావిత్రీ ఖనోల్కర్. ఆమె కుమార్తె సోమనాథ్ తమ్ముని భార్య కావడం యాదృచ్ఛికమే.