బాతు బొమ్మకు మూడో కోటింగ్

స్టార్ వార్స్ చూసినవాళ్లకి ఆర్‌టూ-డీటూ ఎవరో చెప్పక్కర్లేదు. చూడనివాళ్ల కోసం చెప్తున్నా: గుండ్రటి తల, డ్రమ్ములాంటి ఒళ్లు, మాటలకి బదులు ఈలలు, కీచు శబ్దాలు. 1977లో వచ్చిన మొదటి సినిమా నుంచీ ఉన్న రోబో. ఎత్తు దాదాపు 1.09 మీటర్లు, అంటే ఒక ఐదేళ్ల పిల్లాడంత. ఇలాంటి సినిమా రోబోలని లెగో ఇటుకలతో అసలు సైజులో కట్టి, లోపల మోటార్లు పెట్టి, తల తిప్పించి, నేల మీద నడిపించేవాళ్లు ప్రపంచంలో ఉన్నారు. మా రోబోటిక్స్ క్లబ్‌కి కూడా ఈసారి ఫెస్ట్‌కి అలాంటిదొకటి చేద్దామని ఆశ పుట్టింది. కూర్చుని లెక్కేస్తే మా బడ్జెట్‌కి తల కూడా పూర్తవదని తేలింది. ఆశ అక్కడితో సరి. కానీ ఆ లెక్కలోనే నాకు ఒక విషయం దొరికింది.

మామూలు లెగో ఇటుక ఎత్తు 9.6 మిల్లీమీటర్లు. 1.09 మీటర్ల రోబో లేవాలంటే ఒకదాని మీద ఒకటి దాదాపు 113 వరుసలు పేర్చాలి. ఇప్పుడు ఒక పక్క వాడిన ఇటుకలు ఒక్కొక్కటి 0.1 మిల్లీమీటరు ఎక్కువ ఎత్తు ఉన్నాయనుకోండి. కంటికి కనబడని తేడా. కానీ 113 వరుసలు ఎక్కేసరికి ఆ పక్క ఒక సెంటీమీటరు పైకి లేస్తుంది. తల ఒరుగుతుంది, మోటారు పట్టేస్తుంది, రోబో ఆగిపోతుంది. అలా ఆగట్లేదంటే ప్రతి ఇటుకా దాని పక్క ఇటుకతో అంత కచ్చితంగా సమానం అన్నమాట. అక్కడ అచ్చుల్లో తేడాని మిల్లీమీటరులో వెయ్యో వంతుల్లో కొలుస్తారు.

పిల్లలాడుకునే బొమ్మకి ఇంత పట్టుదల ఎవరు నేర్పారా అని వెతికితే నాకు ఇంజనీరు కనబడలేదు. ఒక పల్లెటూరి వడ్రంగి కనబడ్డారు. ఆయనే లెగో కంపెనీ పెట్టిన ఓలే కిర్క్ క్రిస్టియన్‌సన్.

ఆయన 1891 ఏప్రిల్ 7న డెన్మార్క్‌లోని జట్లాండ్ ప్రాంతంలో, ఫిల్‌స్కోవ్ అనే ఊరి దగ్గర, చాలామంది పిల్లలున్న పేద ఇంట్లో పుట్టారు. పద్నాలుగేళ్లకే అన్నగారి దగ్గర వడ్రంగం పనికి చేరారు. పని వచ్చాక జర్మనీలో, నార్వేలో కొన్నేళ్లు కూలికి పనిచేశారు. 1916లో తిరిగొచ్చి, దాచుకున్న డబ్బుతో బిల్లుండ్ అనే చిన్న ఊళ్లో ఒక వడ్రంగి షెడ్డు కొన్నారు. అదే ఏడాది హాన్‌సినేతో పెళ్లయింది. నలుగురు మగపిల్లలు పుట్టారు. చుట్టుపక్కల రైతులకి తలుపులు, కిటికీలు, మంచాలు, బల్లలు చేసిపెట్టడమే ఆయన బతుకుతెరువు.

1924లో మొదటి దెబ్బ. పిల్లల్లో ఇద్దరు, కార్ల్ గేయోర్గ్, గాట్‌ఫ్రెడ్, షెడ్డులో ఆడుకుంటూ జిగురు వేడిచేసే పొయ్యి వెలిగించారు. నిప్పు చెక్క పొట్టుకి అంటుకుంది. షెడ్డుతోపాటు ఇల్లు కూడా కాలిపోయింది. గాట్‌ఫ్రెడ్ అప్పటికి చిన్న పిల్లాడు. ఈ పేరు గుర్తుపెట్టుకోండి. ఓలే కిర్క్ అప్పు చేసి ఇంకా పెద్దది కట్టారు.

అప్పు తీరకముందే ప్రపంచమంతా ఆర్థిక మాంద్యం వచ్చింది. రైతుల దగ్గర డబ్బు లేదు, కొత్త ఇళ్లు కట్టేవాళ్లు లేరు, ఆర్డర్లు ఆగిపోయాయి. పనివాళ్లని ఒక్కొక్కరినీ పంపేయాల్సి వచ్చింది. 1932లో ఆయన చిన్న వస్తువుల మీదికి మళ్లారు. ఇస్త్రీ బల్లలు, నిచ్చెనలు, వాటితోపాటు మిగిలిన చెక్కతో బొమ్మలు. సరిగ్గా అదే ఏడాది హాన్‌సినే చనిపోయింది. నలుగురు పిల్లలు, అప్పులు, పని లేని షెడ్డు. తోబుట్టువులు అప్పుకి హామీ ఉన్నారు గానీ, ఈ బొమ్మలు మానేసి పనికొచ్చేదేదైనా చేసుకోకూడదా అని అడిగారు. న్యాయమైన ప్రశ్నే. తిండికే కటకటగా ఉన్న కాలంలో చెక్క బాతులు ఎవరు కొంటారు? ఆయన దగ్గర దానికి జవాబు ఉందని నేననుకోను. అయినా బొమ్మలు మానలేదు.

అమ్మకాలు ఎలా ఉండేవంటే, కొన్నిసార్లు బొమ్మలకి డబ్బుకి బదులు తినే సరుకులు ఇచ్చేవారట. ఒకసారి యోయోల మోజు వచ్చింది. ఊపిరి సలపకుండా యోయోలు చేశారు. అంతలో మోజు పోయింది, సరుకు కుప్పగా మిగిలిపోయింది. ఆయన వాటిని పారేయలేదు. సగానికి కోసి బొమ్మ లారీలకి చక్రాలుగా బిగించారు.

1934లో కంపెనీకి పేరు కావాల్సి వచ్చింది. మంచి పేరు చెప్పినవాళ్లకి తను ఇంట్లో చేసిన వైన్ ఒక సీసా బహుమతి అని పనివాళ్లకి పోటీ పెట్టారు. చివరికి ఆయన పెట్టిన పేరే గెలిచింది! డేనిష్ భాషలో బాగా ఆడుకో అనే అర్థం వచ్చే రెండు మాటలని కలిపి కుదిస్తే వచ్చిన పేరు లెగో.

ఇక బాతుల సంగతి. తాడు కట్టి లాగితే వెనకాలే వచ్చే చెక్క బాతు అప్పట్లో వాళ్లకి బాగా పేరు తెచ్చిన బొమ్మ. ప్రతి బాతుకీ మూడు కోటింగుల వార్నిష్ వేయాలి. అప్పటికి గాట్‌ఫ్రెడ్ ఎదిగి తండ్రి దగ్గరే పనిచేస్తున్నాడు. ఒకరోజు ఒక లోడు బాతులకి రెండు కోటింగులే వేసి, డబ్బాల్లో సర్ది, రైల్వే స్టేషన్‌లో ఇచ్చేసి వచ్చాడు. ఇంత వార్నిష్ మిగిల్చానని తండ్రికి గర్వంగా చెప్పాడు. ఓలే కిర్క్ మెచ్చుకోలేదు. వెంటనే స్టేషన్‌కి పోయి ఆ డబ్బాలు వెనక్కి తెమ్మన్నారు. రాత్రంతా పట్టినా సరే, ఎవరి సాయం లేకుండా మూడో కోటింగ్ వేసి మళ్లీ తీసుకెళ్లి ఇవ్వమన్నారు. గాట్‌ఫ్రెడ్ అలాగే చేశాడు. శ్రేష్ఠమైనది మాత్రమే చాలినంత మంచిది అనే అర్థం వచ్చే మాటని తర్వాత అతనే చెక్క మీద చెక్కి వర్క్‌షాప్ గోడకి తగిలించాడు.

పని చేస్తోంది కదా, సబ్మిట్ చేసెయ్. ఇది మన ల్యాబుల్లో రోజూ వినబడే మాటే. రెండు కోటింగుల బాతు కూడా పని చేస్తుంది. తాడు లాగితే వస్తుంది, పిల్లలు నవ్వుతారు, ఎవరూ కంప్లైంట్ చేయరు. అందుకే ఈ కథ నన్ను వదల్లేదు. పట్టుబడతామన్న భయం ఉంటే మూడో కోటింగ్ ఎవరైనా వేస్తారు. ఎవరూ పట్టుకోని చోట కూడా వేయాలని ఆయన పట్టుబట్టారు. అదీ వచ్చే ప్రతి క్రోనరూ లెక్కపెట్టుకోవాల్సిన రోజుల్లో.

1942లో ఫ్యాక్టరీ మళ్లీ కాలిపోయింది. అప్పుడు డెన్మార్క్ జర్మన్ల ఆక్రమణలో ఉంది. బొమ్మల నమూనాలు, డ్రాయింగులు అన్నీ బూడిద. ఆయనకి యాభై దాటాయి. మళ్లీ కట్టారు.

యుద్ధం అయ్యాక ఒక ఇంగ్లిష్ కంపెనీ తయారుచేసిన ప్లాస్టిక్ మోల్డింగ్ మెషీన్ మీద ఆయన కళ్లు పడ్డాయి. ఊరి వడ్రంగి షెడ్డు స్థాయికి అది చాలా పెద్ద ఖర్చు. ఇంట్లోవాళ్లకి నచ్చలేదు. బొమ్మలంటే చెక్కవే అనుకునే కాలం. ఆయన ఆర్డర్ ఇచ్చేశారు. ఆ మెషీన్ సంగతుల్లోనే ఆయన చేతికి ఒక చిన్న ప్లాస్టిక్ ఇటుక వచ్చింది. అది బ్రిటన్‌లో హిలరీ ఫిషర్ పేజ్ అనే ఆయన కిడ్డీక్రాఫ్ట్ పేరుతో అమ్ముతున్న బొమ్మ.

ఇక్కడ దాటేయకుండా ఒక మాట చెప్పాలి. ఇటుక ఐడియా ఓలే కిర్క్‌ది కాదు. 1949లో లెగో తెచ్చిన మొదటి ఇటుకలు పేజ్ ఇటుకలని చూసి, కొలతలు కాస్త మార్చి చేసినవే. పేజ్ 1957లో చనిపోయారు. కిడ్డీక్రాఫ్ట్ ఇటుకల హక్కులని లెగో కొనుక్కున్నది 1981లో. చాలా వీడియోల్లో ఈ భాగం ఉండదు. మన భాషలో చెప్పాలంటే ఇంకొకరి రెపో ఫోర్క్ చేసి, క్రెడిట్ చాలా ఆలస్యంగా ఇచ్చారు. మూడో కోటింగ్ విషయంలో అంత నిక్కచ్చిగా ఉన్న మనిషి కథలో ఇది కూడా ఉంది. ఆయన మీద ఉన్న గౌరవం కోసం దీన్ని దాచడం నాకిష్టం లేదు.

పైగా ఆ మొదటి ఇటుకలు అంత బాగా లేవు కూడా. లోపలంతా డొల్ల. ఒకదాని మీద ఒకటి కూర్చునేవి గానీ గట్టిగా పట్టుకునేవి కావు. కొంచెం ఎత్తు కట్టి కదిపితే ఊడిపోయేవి. షాపుల నుంచి సరుకు వెనక్కి వచ్చేది. ఓలే కిర్క్ ఆరోగ్యం తగ్గుతూ వచ్చింది. పని మెల్లగా గాట్‌ఫ్రెడ్ చేతికి వచ్చింది. విడివిడి బొమ్మలు కాకుండా, ఏ ముక్కయినా ఏ ముక్కతోనైనా కలిసే ఒక పద్ధతి ఉండాలని 1955లో సిస్టమ్ అనే ఆలోచనని బజారులోకి తెచ్చింది గాట్‌ఫ్రెడ్డే. కానీ పట్టు లేకుండా సిస్టమ్ ఏం నిలబడుతుంది?

దానికి పరిష్కారం ఇటుక అడుగున దొరికింది. డొల్లలో గొట్టాలు పెట్టారు. రెండు వరుసల్లో నాలుగేసి బొడిపెలుండే ఇటుకకి లోపల మూడు గొట్టాలు. కింది ఇటుక బొడిపెలు పై ఇటుక గోడలకీ గొట్టాలకీ మధ్య బిగుసుకుంటాయి. చేత్తో లాగితే ఊడతాయి, లాగకపోతే ఊడవు. కట్టేశాక ఈ గొట్టాలు ఎవరికీ కనబడవు. మూడో కోటింగ్ లాగే.

1958 జనవరి 28న మధ్యాహ్నం 1:58కి దీనికి పేటెంట్ దరఖాస్తు పెట్టారు. మార్చి 11న ఓలే కిర్క్ గుండెపోటుతో చనిపోయారు. మధ్యలో ఉన్నది 42 రోజులు. వయసు 66.

ఆయన చూడనివి చాలా ఉన్నాయి. 1960లో చెక్క బొమ్మల గోదాము కాలిపోయింది, ఆ తర్వాత కంపెనీ చెక్క వదిలేసి ప్లాస్టిక్‌కే కట్టుబడింది. ఒకే రంగున్న ఎనిమిది బొడిపెల ఇటుకలు ఆరు ఇస్తే వాటిని 91,51,03,765 రకాలుగా కలపొచ్చని గణితం వాళ్లు ప్రోగ్రాం రాసి లెక్కపెట్టారు. 1998లో ప్రోగ్రాం చేయగలిగే ఇటుకతో మైండ్‌స్టార్మ్స్ కిట్ వచ్చింది. ఆ పేరు సైమర్ పేపర్ట్ రాసిన పుస్తకానిది. ఆయన ఎవరంటారా? చిన్నప్పుడు కంప్యూటర్ క్లాసులో ఫార్వర్డ్ 100, రైట్ 90 అని ఒక తాబేలుని తిప్పాం కదా, ఆ లోగో భాషని తయారుచేసినవాళ్లలో ఒకరు. ఆ మరుసటేడు, 1999లో, ఆర్‌టూ-డీటూని కట్టుకునే మైండ్‌స్టార్మ్స్ కిట్ కూడా వచ్చింది.

1958 నాటి ఇటుక ఈరోజు కొన్న ఇటుకకి బిగుస్తుంది. మనం రెండేళ్ల క్రితం రాసిన ప్రాజెక్టు ఈరోజు రన్ అవుతుందో లేదో ఒకసారి చూసుకోండి, ఈ మాట బరువు తెలుస్తుంది. ఆ ఇటుక చేసినవాళ్లకి స్టార్ వార్స్ తెలీదు, సెన్సార్లు తెలీదు. దీని మీద ఎవరు ఏం కడతారో తెలియనప్పుడు చేయగలిగింది ఒక్కటే, తన వంతు ముక్క తప్పులేకుండా చేసిపెట్టడం. మనం రాసే చిన్న చిన్న ఫంక్షన్ల పరిస్థితీ అదే అనిపిస్తుంది నాకు.

ఆ బాతులు కొన్న పిల్లలెవరికీ రెండు కోటింగులకీ మూడింటికీ తేడా తెలిసుండదు. రోబో తల ఇరుక్కోకుండా తిరిగినప్పుడు చప్పట్లు కొట్టేవాళ్లకీ లోపలి గొట్టాలు గుర్తురావు. తేడా తెలిసింది ఆ రాత్రి డబ్బాలన్నీ విప్పి ఒక్కో బాతుకీ మళ్లీ వార్నిష్ వేసిన కుర్రాడికి. ఇరవై ఏళ్ల తర్వాత ఇటుక అడుగున గొట్టాలు పెట్టించింది ఆ కుర్రాడే.