పుట్టపర్తి నారాయణాచార్యులు

పుట్టపర్తి నారాయణాచార్యులు (మార్చి 28, 1914 - సెప్టెంబరు 1, 1990) ప్రసిద్ధ తెలుగు కవి, పండితుడు, బహుభాషావేత్త. అనంతపురం జిల్లాలో పుట్టి, కడప జిల్లాకు వలస వచ్చి, తన సాహిత్య జీవితంలో ప్రధాన భాగాన్ని అక్కడే గడిపాడు. పద్యకావ్యాలతో పాటు విమర్శ, చరిత్ర, అనువాదం, నవల వంటి ప్రక్రియలలో రచనలు చేశాడు.

బాల్యం, విద్య

ఈయన అనంతపురం సమీపంలోని చియ్యేడు గ్రామంలో జన్మించాడు. తండ్రి శ్రీనివాసాచార్యులు. వీరిది శ్రీకృష్ణదేవరాయల కాలం నాటి తిరుమల తాతాచార్యుల వంశం. పూర్వులు పుట్టపర్తిలో నివసించుటచే ఆ ఊరి పేరే ఇంటిపేరయింది. బాల్యం పెనుకొండలో గడిచింది. అక్కడ సంగీతం, నాట్యం అభ్యసించాడు. పిట్ దొరసాని వద్ద ఆంగ్ల సాహిత్యం చదివాడు. తర్వాత తిరుపతిలో సంస్కృత విద్య పూర్తి చేశాడు.

1565 నాటి తళ్ళికోట యుద్ధం తర్వాత విజయనగర రాజులకు పెనుకొండ రాజధాని అయింది. ఆ శిథిలాల నడుమ పెరిగిన ఈయన, గతించిన వైభవాన్ని తలచుకుంటూ చిన్న వయసులోనే పెనుగొండలక్ష్మి కావ్యం రచించాడు. తదుపరి విద్వాన్ పరీక్షకు కూర్చున్నప్పుడు ఈ కావ్యమే ఆయనకు పాఠ్యగ్రంథం కావడం విశేషం.

ప్రొద్దుటూరు జీవితం

ప్రొద్దుటూరులో తెలుగు పండితునిగా పనిచేశాడు. అక్కడి అగస్త్యేశ్వరస్వామి ఆలయంలో శివతాండవం రచించాడు. మాత్రాఛందస్సులో సాగే ఈ గేయకావ్యంలో లయకు ప్రాధాన్యం ఎక్కువ. చిన్ననాటి నాట్యాభ్యాసం ఇందులో స్పష్టంగా కనిపిస్తుంది. తెలుగు చదవనివారు సైతం విని ఆనందించేటంతటి ప్రచారం దీనికి లభించింది.

పాండిత్యానికి తగిన ఆదరణ కరువైన దశలో ఈయన ఇల్లు విడిచి ఉత్తరదేశ యాత్రకు వెళ్ళాడు. హృషీకేశంలో స్వామి శివానంద సరస్వతి ఈయనను సరస్వతీపుత్ర బిరుదుతో గౌరవించాడు. తిరిగి వచ్చి మళ్ళీ అధ్యాపక వృత్తిలోనే కొనసాగాడు. కేరళలోనూ, ఢిల్లీలోనూ కొంతకాలం ఉద్యోగం చేశాడు. ఎక్కడికి వెళ్ళినా చివరకు కడపకే చేరుకున్నాడు.

రచనలు

జనప్రియ రామాయణం, పండరీ భాగవతం, మేఘదూతం, అగ్నివీణ ఈయన ఇతర కావ్యాలు. విజయనగర సాంఘిక చరిత్రను గ్రంథస్థం చేశాడు. విశ్వనాథ సత్యనారాయణ నవల ఏకవీరను మలయాళంలోకి అనువదించాడు. లీవ్స్ ఇన్ ది విండ్ ఈయన ఆంగ్ల కవితల సంపుటి.

గౌరవాలు

1972లో భారత ప్రభుత్వం పద్మశ్రీ పురస్కారం ప్రదానం చేసింది. అనేక భాషలు నేర్చి, దేశమంతటా పేరు పొందినా, రాయలసీమ ఊళ్ళలో బడిపంతులుగానే ఎక్కువ కాలం జీవించిన పండితుడీయన.