కల్పనా చావ్లా: పదహారు నిమిషాల దూరంలో ఆగిన ప్రయాణం

మన కె.ఆర్.పురంలో చదువుకునే పిల్లలున్న ఇళ్లలో కల్పనా చావ్లా పేరు తెలియనివారు ఉండరు. మన దేశంలో పుట్టిన ఆడపిల్ల అంతరిక్షానికి వెళ్లిందని మనమే వాళ్లకు గొప్పగా చెబుతాం. ఎలా పోయారని పిల్లలు అడిగితే మాత్రం, ప్రమాదంలో అని ఒక్క మాటతో సరిపెడతాం. ఆ మాట వెనుక ఉన్న సంగతి కూడా చెప్పాల్సిన రోజులు వచ్చాయి. మనిషిని అంతరిక్షానికి పంపే గగన్‌యాన్ పనులు మన బెంగళూరులోనే నడుస్తున్నాయి కదా.

కల్పన 1962 మార్చి 17న హర్యానాలోని కర్నాల్‌లో పుట్టారు. దేశ విభజన సమయంలో పశ్చిమ పంజాబు నుంచి అన్నీ వదులుకుని వచ్చిన కుటుంబం వారిది. నలుగురు పిల్లల్లో ఆమే చిన్నవారు. ఇంట్లో ముద్దుగా మోంటూ అని పిలిచేవారు. బడిలో చేరేటప్పుడు కల్పన అన్న పేరును తానే ఎంచుకున్నారట. ఊళ్లో ఫ్లయింగ్ క్లబ్ ఉండటంతో చిన్న విమానాలను చూస్తూ పెరిగారు. ఆడపిల్లలు అరుదుగా తీసుకునే విమాన ఇంజనీరింగును చండీగఢ్‌లోని పంజాబ్ ఇంజనీరింగ్ కాలేజీలో చదివి 1982లో పట్టా అందుకున్నారు.

తర్వాత అమెరికా వెళ్లి టెక్సాస్‌లో ఎం.ఎస్., 1988లో కొలరాడో విశ్వవిద్యాలయంలో డాక్టరేట్ పూర్తిచేశారు. విమానాలు నడపడం నేర్చుకుని, ఇతరులకు నేర్పే లైసెన్సు కూడా పొందారు. 1994 డిసెంబరులో నాసా ఆమెను వ్యోమగామిగా ఎంపిక చేసింది.

1997 నవంబరులో కొలంబియా నౌకలో తొలి ప్రయాణం. భూమిని 252 సార్లు చుట్టివచ్చారు. ఆ ప్రయాణంలో ఒక చిక్కు వచ్చింది. కల్పన రోబో చేయితో బయట వదిలిన స్పార్టన్ అనే ఉపగ్రహం పనిచేయలేదు. దాన్ని తిరిగి పట్టుకోబోతే గిర్రున తిరగసాగింది. చివరికి ఇద్దరు వ్యోమగాములు నౌక బయటికి వెళ్లి చేతులతో పట్టుకోవాల్సి వచ్చింది. వేళ్లన్నీ ముందు కల్పన వైపే చూపాయి. విచారణ జరిగాక, లోపం సాఫ్ట్‌వేర్‌లోనూ పని పద్ధతుల్లోనూ ఉందని తేలింది. ఆమె మీద మచ్చ పోయింది. లేకపోతే రెండో ప్రయాణం ఉండేదే కాదేమో.

ఆ రెండో ప్రయాణం 2003 జనవరి 16న మొదలైంది. నౌక అదే కొలంబియా. పైకి లేచిన 82 సెకన్లకు, పెద్ద ఇంధన ట్యాంకుకు అతికించిన ఫోమ్ ముక్క ఒకటి ఊడి ఎడమ రెక్క అంచుకు తగిలింది. చిన్న సూట్‌కేసంత ముక్క, బరువు ముప్పావు కిలో. అయితే తగిలిన వేగం గంటకు 800 కిలోమీటర్ల పైమాటే.

మర్నాడు వీడియో చూసిన ఇంజనీర్లకు అనుమానం వచ్చింది. కక్ష్యలో ఉన్న నౌక రెక్కను రక్షణ శాఖ కెమెరాలతో ఫోటో తీయించమని మూడు సార్లు అడిగారు. అడిగింది ఎవరు, సరైన దారిలోనే అడిగారా అన్న దగ్గరే విషయం ఆగిపోయింది. ఫోమ్ ఊడటం ఇంతకుముందూ జరిగిందే, ఏమీ కాలేదు కదా అని పైవారు అనుకున్నారు. నౌకలోని వారికీ భయం లేదనే కబురు పంపారు. ఏడుగురూ రెండు జట్లుగా రాత్రింబవళ్లు పరిశోధనలు చేస్తూ పదహారు రోజులు గడిపారు.

ఫిబ్రవరి 1, శనివారం. నౌక వాతావరణంలోకి దిగేటప్పుడు రెక్క అంచు 1,600 డిగ్రీల వరకు వేడెక్కుతుంది. అక్కడ పడిన రంధ్రం గుండా ఆ వేడి లోపలికి చొరబడి రెక్కను కరిగించింది. మనకు రాత్రి ఏడున్నర వేళ, నేల మీద దిగడానికి పదహారు నిమిషాల ముందు, టెక్సాస్ ఆకాశంలో కొలంబియా ముక్కలైంది. కల్పనతో పాటు ఏడుగురూ పోయారు. ఆమె వయసు నలభై. ఆమె కోరిక ప్రకారం అస్థికలను అమెరికాలోని జయన్ పార్కులో కలిపారు.

అదే ఏడాది ఆగస్టులో విచారణ బోర్డు నివేదిక ఇచ్చింది. ఫోమ్ ముక్క ఎంత కారణమో, నాసాలో పాతుకుపోయిన పని తీరూ అంతే కారణమని తేల్చింది. నష్టం ముందే తెలిసి ఉంటే, సిద్ధమవుతున్న అట్లాంటిస్ నౌకను పంపి వారిని దించే అవకాశం, కష్టమే అయినా, ఉండేదని కూడా లెక్కగట్టింది.

మేము ఉద్యోగమంతా ఫైళ్ల మధ్యే గడిపాం. సరైన దారిలో రాలేదని విన్నపాన్ని పక్కన పెట్టడం మాకు తెలియని పని కాదు. మా బల్ల మీద అలా ఆగిన కాగితం వల్ల ఒకరి పింఛను ఆలస్యమై ఉండవచ్చు. అక్కడ ఏడు ప్రాణాలు పోయాయి. తేడా అంతే.

కల్పన పేరు మనకు మరో విధంగానూ దగ్గరే. బెంగళూరులో తయారై, 2002 సెప్టెంబరు 12న మన శ్రీహరికోట నుంచి ఎగిరిన వాతావరణ ఉపగ్రహం మెట్‌శాట్‌కు, ఆమె పోయిన నాలుగు రోజులకే కల్పన-1 అని పేరు మార్చారు. తుఫాను మబ్బులను అది ఏళ్ల తరబడి మనకు చూపించింది.

2023 అక్టోబరు 21న శ్రీహరికోటలో గగన్‌యాన్ తొలి పరీక్షా ప్రయోగం జరిగింది. ఆపదలో వ్యోమగాములను తప్పించే ఏర్పాటు పనిచేస్తుందో లేదో చూడటానికే అది. ఇంకా ఐదు సెకన్లుందనగా కంప్యూటరు ప్రయోగాన్ని ఆపేసింది. దేశమంతా టీవీల ముందు కూర్చుని చూస్తున్నా ఎవరూ తొందరపడలేదు. కారణం కనుక్కుని, సరిచేసి, పది గంటలకు ప్రయోగించారు. మాకు ఆ ప్రయోగం కంటే ఆ ఆగడమే ఎక్కువ ధైర్యాన్నిచ్చింది.

మన పిల్లల్లో ఎవరైనా రేపు అంతరిక్షానికి వెళ్తామంటే అడ్డుపడవద్దు. ఎగరడం ఎంత గొప్పో, తేడా కనిపించినప్పుడు ఆపమని చెప్పడమూ అంతే గొప్ప అని నేర్పుదాం. ఆ చెప్పేవారు చిన్న ఉద్యోగే అయినా వినడం పెద్దల పని. కల్పనా చావ్లాకు మనం ఇవ్వగల నివాళి అదే.