సంఖ్యోపాసకుడు కాప్రేకర్

ఉన్నత పదవులు, పరిశోధన పట్టాలు ఉన్నవారికే శాస్త్రరంగంలో గుర్తింపు దక్కుతుందన్న భావన లోకంలో ఉంది. ఆ రెండూ లేకుండానే సంఖ్యాశాస్త్రంలో తన పేరును చిరస్థాయిగా నిలుపుకొన్న పాఠశాల ఉపాధ్యాయుడు దత్తాత్రేయ రామచంద్ర కాప్రేకర్.

ఆయన 1905 జనవరి 17న మహారాష్ట్ర తీరంలోని దహానులో జన్మించారు. ఎనిమిదేళ్ల ప్రాయంలో తల్లిని కోల్పోయారు. గుమాస్తాగా పనిచేసిన తండ్రికి జ్యోతిషంపై మక్కువ ఎక్కువ. ఆ గణనలను చూస్తూ పెరిగిన బాలునికి లెక్కలే ఆటవస్తువులయ్యాయి. పుణేలోని ఫెర్గూసన్ కళాశాలలో చదువుతూ 1927లో గణితంలో రాంగ్లర్ పరాంజపే బహుమతిని పొందారు. 1929లో పట్టభద్రులై, 1930 నుండి 1962 వరకు నాసిక్ సమీపంలోని దేవ్‌లాలిలో ఉపాధ్యాయవృత్తిని నిర్వహించారు.

కాప్రేకర్‌కు శాశ్వతకీర్తిని తెచ్చిన సంఖ్య 6174. అంకెలన్నీ ఒకటే కాని ఏదైనా నాలుగంకెల సంఖ్యను తీసుకొని, దాని అంకెలను అవరోహణ, ఆరోహణ క్రమాలలో అమర్చి, పెద్ద సంఖ్య నుండి చిన్నదానిని తీసివేయాలి. వచ్చిన ఫలితంతో మళ్లీ అలాగే చేయాలి. 3524ను తీసుకొంటే, 5432 నుండి 2345 పోగా 3087. 8730 నుండి 0378 పోగా 8352. 8532 నుండి 2358 పోగా 6174. ఏ సంఖ్యతో ఆరంభించినా ఏడు మెట్లలోపే ఈ సంఖ్యను చేరుతాము. చేరిన పిదప కదలిక ఉండదు. 7641 నుండి 1467 పోతే మిగిలేది మళ్లీ 6174. నదులన్నీ సాగరాన్ని చేరినట్లు సంఖ్యలన్నీ ఇందులో లయమవుతాయి. ఈ విశేషాన్ని ఆయన 1949లో మద్రాసు గణిత సమావేశంలో ప్రకటించారు.

సంఖ్యలను వాటి స్వభావాన్ని బట్టి వర్గీకరించి, పేర్లు పెట్టడం ఆయనకు ఇష్టమైన పని. 703 వర్గం 494209. దానిని రెండుగా విడదీసి, 494కు 209 కలిపితే తిరిగి 703 వస్తుంది. ఇట్టివి నేడు కాప్రేకర్ సంఖ్యలు. 111111111 వర్గం 12345678987654321. ఎటునుండి చదివినా ఒకటిగానే ఉండే ఇటువంటి సంఖ్యలకు, రైలు మారుతూ ఆలోచన మెరిసిన స్టేషన్ పేరిట డెమ్లో సంఖ్యలని నామకరణం చేశారు. తన అంకెల మొత్తంచేత నిశ్శేషంగా భాగింపబడే సంఖ్య హర్షద సంఖ్య. హర్షాన్ని ఇచ్చేది అని దాని వ్యుత్పత్తి. 6174 అంకెల మొత్తం 18. భాగఫలం 343, అంటే ఏడు ఘనం. కనుక 6174 కూడా హర్షద సంఖ్యయే.

అయితే ఈ హర్షం ఆయనకు సులభంగా దక్కలేదు. ఇది కాలక్షేపమే గాని గణితం కాదని పండితులు పలువురు తేలికగా చూశారు. ఆయన తన వ్యాసాలను చిన్న పత్రికలలోను, సొంత ఖర్చుతో అచ్చువేసిన పుస్తకాలలోను ప్రకటించుకొన్నారు. 1966లో భార్య మరణించిన తరువాత పింఛను చాలక, వార్ధక్యంలో ప్రైవేటు పాఠాలు చెప్పుకొని జీవించారు. అయినా సంఖ్యాధ్యయనాన్ని విడువలేదు.

1975లో అమెరికా రచయిత మార్టిన్ గార్డ్‌నర్ సైంటిఫిక్ అమెరికన్ పత్రికలో ఆయనను గురించి వ్రాయడంతో దేవ్‌లాలి ఉపాధ్యాయుని పేరు ప్రపంచమంతటా వినిపించింది. అప్పటికి ఆయన వయస్సు డెబ్బై ఏళ్లు. 1986లో ఆయన కన్నుమూశారు. కీర్తి ఆలస్యంగా వచ్చింది. ఆనందం మాత్రం బాల్యం నుండి ఆయన వెంటే ఉంది. ఫలం కోసం కాక విద్య కోసమే విద్యను ఉపాసించినవారికి దక్కే సంపద అదే.