గబ్బిలాన్ని రాయబారం పంపిన మహాకవి

గుఱ్ఱం జాషువా గారి పేరు మన హాస్టల్లో ఎవరికీ కొత్త కాదు. ఆయన పద్యాలు బట్టీ పట్టాం, ప్రతిపదార్థాలు రాశాం, మార్కులు తెచ్చుకున్నాం. కానీ ఆ పద్యాలు రాసిన మనిషి ఎలా బతికారు, ఎక్కడెక్కడ అవమానపడ్డారు, పుట్టిన మతాన్నీ ప్రేమించిన కవిత్వాన్నీ రెండింటినీ ఎలా నిలబెట్టుకున్నారు అన్న ప్రశ్న ఏ పరీక్షలోనూ రాదు. అందుకే ఈ వార్షికోత్సవ సంచికలో ఆయన జీవితాన్ని మన తమ్ముళ్ళకూ చెల్లెళ్ళకూ చెప్పాలనుకున్నాం.

జాషువా గారు 1895 సెప్టెంబర్ 28న, ఇప్పటి పల్నాడు జిల్లా వినుకొండ ప్రాంతంలో పుట్టారు. తండ్రి వీరయ్య గారు యాదవులు, తల్లి లింగమ్మ గారు మాదిగ కులస్థురాలు. ఇద్దరూ క్రైస్తవులు. బైబిల్లో మోషే తరువాత తన జనాన్ని యొర్దాను నది దాటించి వాగ్దాన దేశానికి నడిపించిన నాయకుడి పేరే కొడుక్కి పెట్టుకున్నారు. పేరు గొప్పదే. కానీ ఆ పేరు పెట్టుకున్న పిల్లవాడికి ఊళ్ళో వీధి దాటడమే కష్టంగా ఉండేది. మతం మారినా కులం వెంట వచ్చింది. బడిలోనూ వీధిలోనూ అంటరానితనం ఆయనకు తప్పలేదు.

1910లో, పదిహేనేళ్ళ వయసులో, మేరీ గారితో ఆయనకు పెళ్ళయింది. మిషనరీ బడిలో నెలకు మూడు రూపాయల జీతం మీద పంతులుగా కుదిరారు. ఆ ఉద్యోగమూ ఎంతోకాలం నిలవలేదు. పొట్ట చేతపట్టుకుని రాజమండ్రి వెళ్ళారు. అక్కడ 1915-16 ప్రాంతంలో ఆయన చేసిన పని వింటే మనలో సినిమా పిచ్చి ఉన్నవాళ్ళకు భలే ఆశ్చర్యం కలుగుతుంది. అవి మూకీ సినిమాల రోజులు. తెర మీద బొమ్మ కదులుతుందే గానీ మాట్లాడదు. మధ్య మధ్య తెర మీద పడే అక్షరాలు చదవగలిగిన వాళ్ళు జనంలో తక్కువ. అందుకని బొమ్మ నడుస్తుంటే కథనీ, సంభాషణలనీ పైకి చదివి వినిపించడానికి ఒక మనిషిని పెట్టుకునేవారు. ఆ మనిషి మన జాషువా గారు. చదువురాని కూలీలకు, బండి తోలేవాళ్ళకు, సంతకు వచ్చినవాళ్ళకు అర్థమయ్యేటట్లు కథ చెప్పడం ఆ పని. తరువాత రోజుల్లో ఆయన పద్యం పండితుడికీ పామరుడికీ ఒకేలా చెవికెక్కడంలో ఆ టికెట్ల జనానికీ కొంత వాటా ఉందని మేము అనుకుంటాం.

ఆ తరువాత గుంటూరులో లూథరన్ చర్చి వారి ఉపాధ్యాయ శిక్షణాలయంలో పదేళ్ళు పనిచేశారు. 1928 నుంచి 1942 వరకు అదే ఊళ్ళో ప్రభుత్వ శిక్షణాలయంలో తెలుగు పండితులుగా ఉన్నారు. ఉభయ భాషా ప్రవీణ పట్టా సంపాదించారు. సంస్కృతం నేర్చుకోవడం ఆ రోజుల్లో ఆయన లాంటి వాళ్ళకు ఎంత కష్టమో ఊహించుకోవచ్చు. జూపూడి హనుమచ్ఛాస్త్రి గారు ఆయనకు మేఘసందేశం, రఘువంశం, కుమారసంభవం చెప్పారు. కులం చూసి తలుపు వేసినవాళ్ళు ఉన్న కాలంలోనే, కులం చూడకుండా పాఠం చెప్పిన గురువులూ ఉన్నారని దీనివల్ల తెలుస్తుంది.

వినుకొండలో జరిగిన ఒక అవధాన సభలో యువకుడైన జాషువా గారు పద్యాలు చదివారు. తక్కువ కులం వాణ్ణి సభలోకి ఎందుకు రానిచ్చారని కొందరు గొడవ చేసి అవమానించారు. సరే, వాళ్ళు పరాయివాళ్ళు అనుకుందాం. సొంతవాళ్ళూ ఊరుకోలేదు. హిందూ దేవుళ్ళ మీద, పురాణ కథల మీద పద్యాలు రాస్తున్నాడని క్రైస్తవ మతపెద్దలు ఆయన్ని వెలివేశారు. ఒక గుమ్మం దగ్గర కులం అడ్డం వచ్చింది, ఇంకో గుమ్మం దగ్గర కవిత్వం అడ్డం వచ్చింది. అటువంటి చోట మనమైతే ఏం చేసేవాళ్ళం? ఏదో ఒకటి వదులుకుని ఏదో ఒక గుంపులో కలిసిపోయేవాళ్ళమేమో. జాషువా గారు ఏదీ వదల్లేదు. రెండు గుమ్మాల మధ్య ఉన్న వీధిలోనే నిలబడి, అక్కడ కనిపించినవాటి మీద పద్యం కట్టారు.

ఆ వీధిలో ఏం కనిపించాయి? మూలన గూడు అల్లుకునే సాలెపురుగు కనిపించింది. చెట్టు కొమ్మకు గూడు వేలాడదీసే గిజిగాడు పిట్ట కనిపించింది. ఊయలలో పసిబిడ్డ, దిక్కులేని అనాథ కనిపించారు. మనం చీపురుతో దులిపి పారేసే సాలెగూడులో ఆయన పనితనాన్ని చూశారు. ఏ బడికీ వెళ్ళని ఆ పురుగుకి అంత నేత ఎవరు నేర్పారని ఆలోచించారు. ప్రార్థన అంటే కళ్ళు మూసుకుని చేసేదని మనకు అలవాటు. కళ్ళు తెరిచి చూడడం కూడా భక్తేనని ఆయన ఖండకావ్యాలు చదివితే మాకు అనిపిస్తుంది.

1941లో వచ్చిన గబ్బిలం కావ్యం అందరికీ తెలిసిందే. కాళిదాసు యక్షుడు మేఘాన్ని రాయబారం పంపితే, జాషువా గారి కథానాయకుడైన అంటరాని పేదవాడు గబ్బిలాన్ని పంపుతాడు. అతనికి గుడిలోకి ప్రవేశం లేదు. గబ్బిలానికి ఉంది. అది అపశకునం అని జనం తిట్టుకుంటారు, అయినా గర్భగుడి పైకప్పుకి తలకిందులుగా వేలాడుతుంది. పూజారి లేని సమయం చూసి తన బాధను శివుడి చెవిలో వేయమని అతను దాన్ని బతిమాలుకుంటాడు. క్రైస్తవ ఇంట్లో పుట్టిన కవి, హిందూ దేవుడి దగ్గరికి, ఎవరికీ అక్కరలేని ఒక జీవి చేత, దేశంలోని దళితుల మొరను పంపాడు. గురువు దగ్గర నేర్చుకున్న మేఘసందేశం ఆ విధంగా మన వాడల్లోకి వచ్చింది.

ఇంకో ముచ్చట చెప్పాలి. మన ఊళ్ళల్లో శ్రీరామనవమికో, తిరునాళ్ళకో హరిశ్చంద్ర నాటకం వేస్తే తెల్లవార్లూ జనం కూర్చుంటారు. బలిజేపల్లి లక్ష్మీకాంతం గారి నాటకం అది. అందులో కాటి సీను రాగానే హరిశ్చంద్ర వేషధారి అందుకునే శ్మశాన పద్యాలు జాషువా గారివి. ఆయన విడిగా రాసుకున్న ఖండకావ్యంలోని పద్యాలను నటులు నాటకంలోకి తెచ్చుకున్నారు. డి.వి. సుబ్బారావు గారి లాంటి నటుల గొంతులో అవి పల్లెపల్లెకూ వెళ్ళాయి. రాజూ పేదా, కవీ కూలీ ఒకే మట్టిలో కలిసే చోట అంటరానితనం ఉండదని ఆ పద్యాల సారం. గుడి మెట్టు ఎక్కనివ్వని ఊరే ఆ పద్యాలకు వన్స్‌మోర్ కొట్టింది. రాసింది ఎవరో తెలియక కొట్టినవాళ్ళు ఉన్నారు, తెలిసి కొట్టినవాళ్ళూ ఉన్నారు. చర్చి పెద్దలు ఏ పురాణ కథల పేరు చెప్పి వెలివేశారో, అదే పురాణ నాటకం ఆయన చేత ఊరంతటికీ సమానత్వం మీద ప్రసంగం చెప్పించింది.

రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో ఆయన యుద్ధ ప్రచారకులుగా పనిచేశారు. 1957 నుంచి 1959 దాకా మద్రాసు రేడియో కేంద్రంలో కార్యక్రమ ప్రయోక్తగా ఉన్నారు. తెర, స్టేజీ, రేడియో, ఈ మూడూ ఆయనకు తెలిసినవే. పామరుల వినోదం అని దేన్నీ చిన్నచూపు చూడలేదు.

వయసు మళ్ళాక ఆయన క్రీస్తు చరిత్ర రాశారు. పశువుల తొట్టిలో పడుకోబెట్టిన బిడ్డ, వడ్రంగి ఇంట పెరిగి, చేపలు పట్టేవాళ్ళతో స్నేహం చేసి, కుష్ఠురోగిని ముట్టుకున్న మనిషి కథ అది. అంటరానితనం అనుభవించిన కవికి ఆ ముట్టుకోవడం విలువ ఎవరూ విడమరచి చెప్పనక్కరలేదు. పురాణాలు చెప్పిన తెలుగు పద్యంలోనే ఆ కథ చెప్పారు. ఒకప్పుడు మతపెద్దలు వెలివేసిన కవి రాసిన ఆ కావ్యానికే 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. అదే ఏడాది రాష్ట్ర శాసనమండలి సభ్యులయ్యారు. అంతకు ముందే చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రి గారంతటి పండితులు స్వయంగా ఆయన కాలికి గండపెండేరం తొడిగారు. 1970లో పద్మభూషణ్ వచ్చింది. 1971 జూలై 24న గుంటూరులో ఆయన కన్నుమూశారు. ఆయన కుమార్తె హేమలతా లవణం గారు స్టూవర్టుపురంలోనూ, జోగినుల మధ్యా పనిచేసి 2008లో మరణించారు. తండ్రి పద్యంలో చెప్పినదాన్ని కూతురు చేతల్లో చేసి చూపించారు.

మిత్రులారా, మనలో ఆదివారం ప్రార్థనకు వెళ్ళేవాళ్ళున్నారు, శనివారం గుడికి వెళ్ళేవాళ్ళున్నారు, దర్గాకు వెళ్ళేవాళ్ళూ ఉన్నారు. జాషువా గారు క్రీస్తు మీద రాశారు, హరిశ్చంద్రుడి నోట పలికారు, ఫిరదౌసి మీదా ముంతాజమహలు మీదా కావ్యాలు రాశారు. తనను విశ్వనరుడని చెప్పుకున్నారు. దేవుణ్ణి నమ్మినవాడు దేవుణ్ణి ప్రశ్న అడగకూడదని మనకు చెప్పేవాళ్ళు చాలామంది. సినిమా, నాటకం భక్తికి అడ్డమని చెప్పేవాళ్ళూ ఉన్నారు. ఆయన జీవితం చదివాక ఆ మాటలు అంత తేలిగ్గా ఒప్పుకోలేకపోతున్నాం.

కాలేజీలో చేరాక హాస్టల్ పేరు చెప్పడానికి నామోషీ పడే తమ్ముళ్ళు ఉన్నారని మాకు తెలుసు. మన ట్రంకు పెట్టె, మెస్ ముందు పళ్ళేలతో నిలబడే వరుస, స్టడీ అవర్లో నిద్ర ఆపుకునే కళ్ళు, ఇవేవీ రాయడానికి పనికిరావని అనుకోకండి. వచ్చే సెప్టెంబర్ 28న మన హాస్టల్లో పద్య పఠనం పెట్టుకుందాం. గబ్బిలం నుంచి తలా ఒక పద్యం చదువుదాం. ఆ తరువాత తలా ఒక పేజీ, మన చుట్టూ ఉన్నదాని గురించి, మన సొంత మాటల్లో రాసి తెద్దాం. వచ్చే ఏటి సంచికకు అవే మొదటి రచనలు కావాలని మా కోరిక.

మహాకవి జాషువాకు మా జోహార్లు.