షా వలీయుల్లాహ్ దెహ్లవీ (రహ్మ) - సమన్వయ మార్గం

మొగల్ చక్రవర్తి ఔరంగజేబు మరణానికి నాలుగేళ్ల ముందు, 1703లో, నేటి ఉత్తరప్రదేశ్‌లోని ఫులత్ గ్రామంలో హజ్రత్ షా వలీయుల్లాహ్ (రహ్మ) జన్మించారు. ఏడేళ్లకే దివ్య ఖుర్ఆన్ కంఠస్థం చేశారు. తండ్రి షా అబ్దుర్రహీమ్ ఢిల్లీలో మదర్సా నడిపేవారు. 1719లో తండ్రి అల్లాహ్ సన్నిధికి చేరగా, ఇరవై ఏళ్లయినా నిండని కుమారుడే ఆ స్థానంలో కూర్చుని బోధించారు.

1731లో హజ్‌కు వెళ్లి, ఏడాదికి పైగా హిజాజ్‌లోనే ఉండిపోయారు. హనఫీ ఇంట పుట్టినా, మదీనాలో షాఫియీ పండితులు షేఖ్ అబూ తాహిర్ కుర్దీ వద్ద హదీసు చదివారు. తర్వాత ఇమామ్ మాలిక్ గారి ముఅత్తాకు అరబీలోనూ పారసీలోనూ వ్యాఖ్యలు రాశారు. ఆయన పద్ధతికి తత్బీఖ్ అని పేరు, అంటే సమన్వయం. ఇద్దరు ఇమాములు భిన్నంగా చెబితే, ఒకరిని తోసిపుచ్చకుండా ఆ భేదం ఎలా పుట్టిందో వెతికేవారు. ఒక సహాబీకి చేరిన హదీసు మరొకరికి చేరకపోవచ్చు. ప్రవక్త (స) చేసిన ఒకే పనిని ఇద్దరు చూసి, వేర్వేరుగా అర్థం చేసుకుని ఉండవచ్చు. 'అల్ ఇన్సాఫ్' అనే చిన్న గ్రంథమంతా ఈ చర్చే.

నమాజులో రుకూకు ముందూ తర్వాతా చేతులెత్తే సంగతే తీసుకోండి. దీని మీద మాటలు మానేసుకున్న అన్నదమ్ములను మనం చూస్తూనే ఉన్నాం. షా సాహెబ్ రెండు పద్ధతులూ సున్నతే అన్నారు. చేతులెత్తడమే తమకు ఎక్కువ ఇష్టమనీ, ఆ హదీసులే సంఖ్యలోనూ బలంలోనూ మిన్న అనీ రాశారు. అయితే ఇలాంటి విషయాల్లో ఊరి జనంలో ఫిత్నా రేపకూడదని అదే చోట హెచ్చరించారు. ఈ రెండో మాటను ఇరుపక్షాల వారూ చదివినట్లు కనిపించదు!

ఆయన మహాగ్రంథం 'హుజ్జతుల్లాహిల్ బాలిగా' షరీఅత్ ఆదేశాల వెనుక ఉన్న మేలును వివరిస్తుంది. జకాత్ మనసులోని పిసినారితనాన్ని కడుగుతుంది, ఊరి అవసరాలనూ తీరుస్తుంది. అలాగని కారణం తెలిసేదాకా ఆచరణ ఆపరాదన్నారు. నగరాలు ఎందుకు పాడవుతున్నాయో కూడా అందులోనే చెప్పారు. రైతులు, వర్తకులు, చేతిపనుల వారి మీద మోయలేని పన్నులు ఒక కారణం. పని చేయకుండా ఖజానా మీద బతికేవారు మరొకటి. ఆ వరుసలో ఉలమాలను కూడా చేర్చారు. మా బోటివాళ్లం ఆ పేజీని కాస్త వేగంగా తిప్పేస్తాం.

1738 ప్రాంతంలో ఖుర్ఆన్‌ను పారసీలోకి అనువదించారు. సిపాయిల పిల్లలు, చేతివృత్తుల వారి పిల్లలు చదివి అర్థం చేసుకోవాలన్నది ఆయన కోరిక. తర్వాత కుమారులు షా రఫీయుద్దీన్, షా అబ్దుల్ ఖాదిర్ ఉర్దూ అనువాదాలు చేశారు.

1762లో ఢిల్లీలో కన్నుమూశారు. మెహ్దియాన్ ఖబ్రస్తాన్‌లో ఆయన సమాధి ఉంది. మన దేశపు మదర్సాల్లో నేటికీ హదీసు పరంపర ఎక్కువగా ఆయన మీదుగానే సాగుతోంది.