ఉస్తాద్ మాట పక్కనే షాగిర్ద్ మాట

క్రీ.శ. 699లో కూఫాలో పుట్టిన ఇమామ్ అబూ హనీఫా (రహ్మతుల్లాహి అలైహి) బట్టల వ్యాపారి. వ్యాపారం ఉన్నా, ఉస్తాద్ హమ్మాద్ గారు కన్నుమూసేదాకా 18 ఏళ్లు ఆయన దగ్గరే చదివారు. తర్వాత తానే ఉస్తాద్ అయ్యారు. ఆయన దర్సులో ఊరికే విని లేచిపోతే కుదరదు. ఒక మసలా ముందు పెట్టి షాగిర్దులందరితో వాదింపజేసేవారు, రోజుల తరబడి.

పేదింటి అబూ యూసుఫ్ గారు ఇల్లు గడవక చదువు మానే పరిస్థితి వస్తే, ఖర్చులకు తన డబ్బే ఇచ్చి కూర్చోబెట్టారు. దుకాణం లాభం అలా కూడా ఖర్చయింది మరి! ఆ షాగిర్ద్ కూడా ఉత్తినే తలూపలేదు, ఎన్నో మసలాల్లో ఉస్తాద్‌తో విభేదించారు.

ఖాజీ పదవి వద్దన్నందుకు జైలు పాలైన ఇమామ్ 767లో బాగ్దాద్‌లో మరణించారు. అబూ యూసుఫ్ గారేమో హారూన్ రషీద్ కాలంలో ప్రధాన ఖాజీ అయ్యారు. హనఫీ ఫిఖ్హ్ కితాబుల్లో ఇద్దరి మాటలూ ఈరోజుకీ పక్కపక్కనే ఉంటాయి.